కుర్తీ కింద పెట్టుకునే రివాల్వర్ హోల్‌స్టర్: పది నెలలు వాడాక

ముందే చెప్తున్నా, ఇది గన్ లైసెన్స్ ఉన్నవాళ్ల కోసం రాస్తున్న రివ్యూ. అందులోనూ ఆడవాళ్ల కోసం. నేను వెతికినప్పుడు మగవాళ్లు ప్యాంటుకీ బెల్టుకీ పెట్టుకునే హోల్‌స్టర్ల (తుపాకీ పెట్టుకునే ఒరల) గురించి బోలెడంత దొరికింది కానీ, చుడీదార్ వేసుకుని, భుజం మీద చున్నీ, రెండు చేతుల్లో రెండు సంచులు పట్టుకుని జనరల్ బజార్ రద్దీలో నడిచే మనిషి రివాల్వర్ ఎక్కడ పెట్టుకోవాలో తెలుగులో చెప్పినవాళ్లు ఒక్కరూ కనిపించలేదు. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

మాది సికింద్రాబాద్. నగలు తయారు చేయించి షోరూములకి ఇచ్చే చిన్న వ్యాపారం. మా ఆయన ఉన్నన్నాళ్లూ బయట తిరుగుడంతా ఆయనే చూసుకునేవారు, ఆయన పోయాక నా మీద పడింది. ఒకసారి పాట్ మార్కెట్ నుంచి సరుకు తీసుకుని ఆటోలో వస్తుంటే బైక్ మీద ఇద్దరు పక్కకొచ్చి బ్యాగు లాగారు. బ్యాగు నేను వదల్లేదు కానీ భుజం కీలు తప్పి నెలన్నర చెయ్యి ఎత్తలేకపోయాను. ఆ తర్వాతే లైసెన్స్‌కి అప్లై చేశాను. హైదరాబాద్ సిటీలో లైసెన్స్ ఇచ్చే అధికారం పోలీస్ కమిషనర్‌ది. పోలీసు విచారణ, డాక్టర్ సర్టిఫికెట్, ఆయుధం జాగ్రత్తగా వాడటం నేర్చుకున్నట్టు ట్రైనింగ్ సర్టిఫికెట్, ఇంట్లో తాళం వేసి భద్రపరిచే ఏర్పాటు ఉందని హామీ, ఇవన్నీ అయ్యేసరికి చాలా నెలలు పట్టింది. పట్టాలి కూడా, అది అంత తేలిగ్గా చేతికి రావాల్సిన వస్తువు కాదు.

నా దగ్గరున్నది కాన్పూర్‌లో తయారయ్యే .32 (తూటా సైజు) రివాల్వర్. మధ్యకి విరిచి తూటాలు నింపే పాత పద్ధతి, ఆరు గదులు, బరువు ముప్పావు కిలోకి దగ్గర. 2014లో ఆడవాళ్ల కోసమని అదే కాన్పూర్ నుంచి నిర్భీక్ అని అర కిలో రివాల్వర్ తెచ్చారు, అప్పుడే దాని ధర 1,22,000 దాటింది. నాకు అంత పెట్టబుద్ధి కాలేదు, సెకండ్ హ్యాండ్‌లో డీలర్ దగ్గర దొరికిన దాన్ని రికార్డుల్లో నా పేరు మీద రాయించి తీసుకున్నాను. ఈ బరువు సంగతి గుర్తుంచుకోండి, హోల్‌స్టర్ దగ్గర మళ్లీ చెప్తాను.

షాపింగ్‌కి రివాల్వర్ ఎందుకమ్మా అని మా వదిన మొదట్నుంచీ అడుగుతూనే ఉంది. షాపింగ్ కోసం పెట్టుకోను. సరుకు షోరూములో అప్పజెప్పి రసీదు తీసుకున్నాక ఇంటికొచ్చే దారిలోనే నాకు ఇంటి పనులన్నీ ఉంటాయి. బియ్యం, పప్పులు, మందుల షాపు, పెళ్లిళ్ల సీజన్ అయితే చీరలు. సికింద్రాబాద్ ట్రాఫిక్‌లో ఇంటికెళ్లి అది లాకర్‌లో పెట్టి మళ్లీ బయల్దేరితే రోజు గడిచిపోతుంది. కార్లో వదిలేయడం మరీ తప్పు. కారు అద్దం పగలగొట్టి ల్యాప్‌టాప్ పట్టుకెళ్లేవాడికి రివాల్వర్ దొరికితే ఎవరి మీద పేలుతుందో చెప్పలేం, పోయిందని వెంటనే పోలీస్ స్టేషన్‌కి పరుగెత్తాల్సింది నేనే. వ్యాలే పార్కింగ్ కుర్రాడికి తాళాలిచ్చే కారైతే ఇక ఆ ఆలోచనే వద్దు.

మొదట కొన్నది హ్యాండ్‌బ్యాగు. పక్కన కనపడకుండా ఒక జిప్పు, లోపల రివాల్వర్ పట్టే అర, ఆన్‌లైన్‌లో 4,200 పెట్టి తెప్పించుకున్నాను. చూడ్డానికి బావుంది, ఎవరికీ అనుమానం రాదు. కానీ షాపింగ్‌కి వెళ్లినప్పుడు బ్యాగు ఎన్నిసార్లు ఒంటి మీద నుంచి దిగుతుందో ఒకసారి లెక్కపెట్టుకోండి. బిల్లింగ్ కౌంటర్ మీద పెడతాం, ట్రాలీలో పెడతాం, కాఫీ తాగేటప్పుడు పక్క కుర్చీలో పెడతాం, ‘ఒక్క నిమిషం పట్టుకో’ అని పక్కనున్న వాళ్లకిస్తాం. మా ఆడపడుచు కూతురి పెళ్లికి పట్టుచీరలు చూస్తున్నా, తెల్ల పరుపు మీద కూర్చుని, బ్యాగు మోకాలి పక్కనే పెట్టుకున్నాను. సేల్స్‌లో ఉన్న కుర్రాడు ఇంకో చీర పరవడానికి చోటు చాలక ‘ఒక్క నిమిషం మేడమ్’ అంటూ నా బ్యాగు ఎత్తి అవతల మడతపెట్టిన చీరల మీద పెట్టేశాడు. వాడిది తప్పేం లేదు, రోజుకి యాభై బ్యాగులు అలా జరుపుతుంటాడు. నేను ఒళ్లో ఉన్న చీర అక్కడే వదిలేసి లేచి బ్యాగు తీసుకున్నాను. వాడికి నేనెందుకంత కంగారుపడ్డానో అర్థం కాలేదు. ఆ రోజు ఇంకేమీ కొనకుండా ఇంటికొచ్చేశాను.

ఈ సంగతి ఫోన్‌లో చెప్తే మా మరదలు (తమ్ముడు వాళ్లు డల్లాస్ దగ్గర ఉంటారు) అమెరికాలో జరిగిన ఒక ఘోరం చెప్పింది. 2014 డిసెంబర్ 30, ఐడహో రాష్ట్రం, హేడెన్ అనే ఊళ్లో వాల్‌మార్ట్. ఒక తల్లి పిల్లల్ని తీసుకుని షాపింగ్‌కి వచ్చింది. తుపాకీ పెట్టుకునే ప్రత్యేకమైన అర ఉన్న పర్సు, ఆ క్రిస్మస్‌కి భర్త కొనిచ్చిందే. ఆమెకి పర్మిట్ ఉంది, తుపాకీ వాడటం బాగా తెలుసు. రెండేళ్ల కొడుకు ట్రాలీలో కూర్చుని పక్కనున్న పర్సు జిప్పు తీశాడు. లోపలున్న తుపాకీ పేలి తల్లి అక్కడికక్కడే చనిపోయింది. ఇది విన్న రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నేను కొన్నదీ అలాంటి బ్యాగే, జిప్పుతో సహా. మర్నాడే దర్జీ దగ్గర ఆ అర కుట్టేయించాను, ఇప్పుడు అందులో టిఫిన్ బాక్సు పెట్టుకుంటున్నాను. దయచేసి ఎవరూ హ్యాండ్‌బ్యాగులో పెట్టుకోవద్దు. ఈ రివ్యూలో ఒక్క ముక్కే గుర్తుపెట్టుకునేట్టయితే అది పెట్టుకోండి.

తర్వాత ఎలాస్టిక్ నడుము పట్టీ. 1,100 రూపాయలు. దీని గురించి ఎక్కువ చెప్పడానికేం లేదు. గుడ్డ మెత్తగా ఉండటం వల్ల ట్రిగ్గర్‌కి రక్షణ ఉండదు, బయట నుంచి వేలితో నొక్కితే తెలుస్తుంది. రెండు నెలలకి సాగిపోయి మెట్లెక్కుతుంటే కిందకి జారడం మొదలైంది. పారేశాను.

అప్పుడు అబిడ్స్‌లో డీలర్ దగ్గర తూటాల కోసం వెళ్లినప్పుడు ఒక పెద్దమనిషి చెప్పారు, అఫ్జల్‌గంజ్ నుంచి బేగంబజార్ వైపు వెళ్లే దారిలో పోలీసు బెల్టులు కుట్టే చాచా ఒకాయన ఉన్నారు, ఆయన చేతి పని చూడమని. పేరు, ఫోన్ నంబర్ పెట్టొద్దని చాచా నన్ను ప్రత్యేకంగా అడిగారు కాబట్టి రాయడం లేదు. చిన్న షాపు, మెట్లు ఎక్కి వెళ్లాలి, గుమ్మంలోనే తోలు వాసన. నన్ను చూడగానే స్కూటర్ సీటు కవర్ కోసం వచ్చాననుకున్నారు. విషయం చెప్పగానే మొదటి మాట, ‘లైసెన్స్ చూపించమ్మా’. ఒరిజినల్ బుక్ చూసి, ఫొటో చూసి, నా మొహం చూసి, అప్పుడు కూర్చోమన్నారు. నాకు నమ్మకం కలిగింది అక్కడే.

కొలతలు తీసుకున్న పద్ధతి చెప్తాను, ఎందుకంటే వేరే ఎవరి దగ్గర చేయించుకున్నా ఇలాగే చేయించుకోవాలి. ఆయుధం వదిలి వెళ్లమనలేదు. వదలమన్నా నేను ఒప్పుకోను, లైసెన్స్ లేని మనిషి దగ్గర నా రివాల్వర్ ఉంటే ఇద్దరికీ కేసే. తూటాలు ఇంట్లోనే పెట్టి రమ్మన్నారు. రెండోసారి వెళ్లినప్పుడు నేనే విరిచి ఆరు గదులూ ఖాళీ అని చూపించాను, ఆయన కూడా వంగి చూశారు, అట్ట మీద నేను పట్టుకుని ఉండగానే చుట్టూ పెన్సిల్‌తో గీసుకున్నారు. ఎక్కడెక్కడ ఎంత లావు ఉందో దారంతో కొలుచుకున్నారు. దాన్ని బట్టి చెక్కతో అచ్చు చెక్కించి, తడిపిన తోలుని ఆ అచ్చు మీద బిగించి రెండు రోజులు ఆరబెట్టారు. మూడోసారి వెళ్లేసరికి తయారు. రివాల్వర్ అందులో పెట్టగానే ‘టక్’ మని కూర్చుంది, తిరగేసి ఊపినా జారలేదు.

గేదె తోలు, రెండు పొరలు, మైనం పట్టించిన దారంతో చేతి కుట్టు. ట్రిగ్గర్ చుట్టూ ఉన్న భాగం పూర్తిగా మూసుకుపోతుంది, లోపలికి వేలు కాదు కదా పెన్సిల్ కూడా దూరదు. వెనకాల పైకి లేచి ఉండే హ్యామర్ (తూటాని పేల్చే సుత్తి లాంటి ముక్క) మీదుగా ఒక పట్టీ వచ్చి టిచ్ బటన్‌తో పడుతుంది. ఇది చాలా ముఖ్యం, ఎందుకంటే ఆ హ్యామర్‌కి చున్నీ అంచు తగులుకుంటే చిరాకు, ప్రమాదం కూడా. హోల్‌స్టర్ 2,600, దానికి తగ్గట్టు అంగుళంన్నర వెడల్పు బెల్టు ఇంకో 900. నా డబ్బులతోనే కొన్నాను.

బెల్టు ఎందుకంటే, చుడీదార్ బొందు ముప్పావు కిలో మోయలేదు. మొదటి రోజు ఇంట్లో బొందుకే క్లిప్పు తగిలించి నాలుగడుగులు వేసి చూశాను, ప్యాంటు ఒక పక్కకి జారిపోయింది. లెగ్గింగ్స్ ఎలాస్టిక్‌కి అయితే ఆ మాత్రం కూడా నిలవదు. కుర్తీ కింద, బొందుకి పైన, విడిగా తోలు బెల్టు బిగించుకుని దానికి హోల్‌స్టర్ పెట్టుకోవాలి. అలవాటు పడటానికి వారం పట్టింది, మొదటి మూడు రోజులు తుంటి ఎముక మీద ఎర్రగా కమిలింది, తర్వాత లోపల మెత్తటి కాటన్ బనియన్ వేసుకోవడం మొదలెట్టాక ఆ బాధ లేదు.

ఇప్పుడు కుర్తీ సంగతి. ఇది ఏ మగవాడూ రాయలేడు. కుర్తీకి పక్కన కట్స్ ఉంటాయి కదా, అవి సరిగ్గా తుంటి దగ్గరే మొదలవుతాయి. సూపర్‌మార్కెట్‌లో పై అరలో ఉన్న గోధుమపిండి కోసం చెయ్యెత్తాను, కట్ విడిపోయి పిడి బయటికి కనపడింది. అదృష్టం, ఆ వరసలో ఎవరూ లేరు, నేనే ఎదురుగా ఉన్న ఫ్రిజ్ అద్దంలో చూసుకున్నాను. 2016 ఆయుధాల నిబంధనల్లో స్పష్టంగా ఉంది: బహిరంగ స్థలంలో రివాల్వర్ హోల్‌స్టర్‌లోనో అలాంటి సంచిలోనో ఉండాలి, పూర్తిగా కప్పి ఉండాలి, మోస్తున్న మనిషి అదుపులో ఉండాలి. దాన్ని బయటికి తీసి ఆడించడం, చూపించి బెదిరించడం నిషేధం, లైసెన్స్ రద్దవుతుంది. కనపడకుండా పెట్టుకోవడం దొంగతనం లాంటిదని కొంతమంది అనుకుంటారు. అది చట్టం చెప్పిన పద్ధతి. ఆ సాయంత్రమే దర్జీకి అయిదు కుర్తీలిచ్చి కట్స్ నాలుగంగుళాలు కిందకి కుట్టించాను. అనార్కలి అయితే అసలు సమస్యే లేదు, ఘేర్ ఎక్కువ కాబట్టి కింద ఏముందో తెలియదు. కాకపోతే అవసరమైనప్పుడు తీయడం ఆలస్యమవుతుంది. గచ్చిబౌలి షూటింగ్ రేంజ్‌లో నాకు నేర్పిన మాస్టారు అదే అన్నారు. నేను ఆలోచించుకుని ఆ ఆలస్యానికి ఒప్పుకున్నాను. రోజూ వందమంది మధ్య తిరుగుతాను, తీయాల్సిన రోజు నా జీవితంలో రాకపోవచ్చు, కనపడకుండా ఉండాల్సింది మాత్రం ప్రతి రోజూ.

చీర మీద ఈ హోల్‌స్టర్ పనికిరాదు. ప్రయత్నించాను. కుచ్చిళ్లు, లంగా బొందు, బెల్టు, అన్నీ ఒకచోట చేరి నడుము దగ్గర మూట కట్టినట్టు ఉంటుంది, పవిట ఎంత కప్పినా కుడిపక్కన ఎత్తు తెలుస్తుంది. చీర కట్టుకున్న రోజు రివాల్వర్ ఇంట్లో లాకర్‌లోనే.

షాపుల్లో వాడకం ఎలా ఉందంటే, కిరాణాలో, మందుల షాపులో, నిలబడి కొనుక్కుని వచ్చే ఏ షాపులోనైనా అసలు ఇబ్బంది లేదు. కింద అరలోంచి ఏదైనా తీయాలంటే నడుం వంచకూడదు, మోకాళ్ల మీద కూర్చోవాలి, వంగితే కుర్తీ వెనకాల ఆకారం తేలుతుంది. చీరల షాపు పరుపు మీద బాసింపట్టు వేసుకుంటే పిడి డొక్కలో పొడుచుకుంటుంది, నేను ఎడమ పక్కకి ఒరిగి కాళ్లు కుడివైపు మడుచుకుంటాను, పావుగంట పర్వాలేదు, గంట కూర్చోలేం. స్టూలు అడిగితే చాలా షాపుల్లో వేస్తారు. ట్రయల్ రూమ్‌కి నేను వెళ్లను. బట్టలు మార్చుకోవాలంటే బెల్టు విప్పాలి, విప్పితే ఎక్కడ తగిలిస్తాం, ఆ కొక్కేనికా? సరిపోయే పాత కుర్తీ ఒకటి సంచిలో పెట్టుకెళ్లి దానితో కొలిచి చూసి కొంటున్నాను. షాపుల్లో బాత్రూములకీ అంతే, వీలైనంత వరకూ వెళ్లను, తప్పనిసరైతే హోల్‌స్టర్ బెల్టు మీద నుంచి తీయకుండానే. ఫ్లష్ ట్యాంక్ మీద పెట్టి మర్చిపోయే ప్రమాదం ఎవరికైనా ఉంటుంది, ఎంత జాగ్రత్త మనిషికైనా.

కోఠి, సుల్తాన్ బజార్ లాంటి చోట పండగ ముందు రోజుల్లో నేను అసలు పెట్టుకుని వెళ్లను. జనం ఒంటికి ఒళ్లు రాసుకుంటూ నడుస్తారు, ఎవరి చెయ్యి ఎక్కడ తగులుతుందో మన చేతిలో ఉండదు.

ఒక రోజు మా చెల్లెలు కొడుకు, ఆరేళ్లవాడు, బొమ్మల షాపులో నన్ను చూసి పరిగెత్తుకొచ్చి నడుము చుట్టూ చేతులు వేసి కావలించుకున్నాడు. ‘పెద్దమ్మా, ఇక్కడేంటి ఇంత గట్టిగా ఉంది?’ అన్నాడు. నడుం నొప్పికి బెల్టు నాన్నా అని చెప్పాను. అబద్ధం చెప్పినందుకు బాధేసింది. వాడి చెయ్యి సరిగ్గా ఆ టిచ్ బటన్ మీదే ఉంది. బటన్ బిగుతుగా ఉంది, ట్రిగ్గర్ తోలు లోపల ఉంది, ఏమీ జరగదు, అయినా ఆ రోజు నుంచీ ఒకటి నిర్ణయించుకున్నాను. పిల్లలతో కలిసి షాపింగ్ అంటే రివాల్వర్ ఇంట్లో. వాళ్లని స్కూల్ నుంచి తీసుకురావాలన్నా అంతే, విద్యాసంస్థల ఆవరణలోకి తీసుకెళ్లకూడదని లైసెన్స్ షరతుల్లోనే ఉంది.

ఆ షరతులు చాలామంది చదవరు. జాతరలు, మతపరమైన ఊరేగింపులు, జనం గుమిగూడే సభలు, వీటికి ప్రత్యేక అనుమతి లేకుండా ఆయుధం తీసుకెళ్లకూడదు. మన ఊళ్లో దీని అర్థం ఏంటో చూడండి: బోనాలు వద్దు, గణేశ్ నిమజ్జనం వద్దు, నాంపల్లిలో జనవరి 1 నుంచి జరిగే నుమాయిష్ వద్దు. నుమాయిష్‌లో దుప్పట్లు, కశ్మీరీ శాలువాలు కొనడానికే వెళ్తాం కాబట్టి అదీ షాపింగే అనిపిస్తుంది, కానీ అది సంత. ఎన్నికలప్పుడైతే అసలు దగ్గరే ఉండదు, డిపాజిట్ చేయమని పోలీసులు చెప్పగానే ఇచ్చేసి రసీదు తెచ్చుకుంటాం. 2023లో అసెంబ్లీకీ, 2024లో లోక్‌సభకీ అలాగే ఇచ్చాను, ఆ నెలల్లో సరుకు పంపడానికి ఇద్దరు మనుషుల్ని తోడు పెట్టుకున్నాను.

ఇక మాల్స్. అసలు కష్టం ఇక్కడే.

గేటు దగ్గర మెటల్ డిటెక్టర్, ఆడవాళ్లకి పక్కన కర్టెన్ కట్టిన చిన్న గది, బ్యాగుకి స్కానర్. 2007 ఆగస్టు 25న లుంబినీ పార్కు, గోకుల్ చాట్, 2013 ఫిబ్రవరి 21న దిల్‌సుఖ్‌నగర్, ఈ బాంబు పేలుళ్లన్నీ చూసిన ఊరు మనది. గోకుల్ చాట్ దగ్గర ఆ సాయంత్రం మా ఆయన ఉండాల్సింది, పని లేటయి వెళ్లలేదు. కాబట్టి తనిఖీ మీద నాకు కోపం లేదు, ఇంకా గట్టిగా చేయాలనే అంటాను. హోల్‌స్టర్ ఎంత బాగున్నా గేటు దగ్గర దాచడానికి కాదు. నేను క్యూలోకి వెళ్లకముందే పక్కకి నిలబడి, చేతులు ముందుకి కనపడేట్టు పెట్టుకుని, సూపర్‌వైజర్‌ని పిలిచి మెల్లగా చెప్తాను: ‘నా దగ్గర లైసెన్స్ రివాల్వర్ ఉంది, బుక్ చూపిస్తాను, లోపలికి అనుమతి ఉందా?’ బుక్ హ్యాండ్‌బ్యాగులో పైనే ఉంటుంది. నడుం వైపు చెయ్యి పోనివ్వను.

ఒక మాల్‌లో (పేరు రాయను) ఇలాగే చెప్తే ఆ గార్డు అమ్మాయి భయపడిపోయి ‘సార్, ఈ మేడమ్ దగ్గర గన్ ఉంది!’ అని కేకేసింది. క్యూలో ఉన్న ఆడవాళ్లు పిల్లల్ని వెనక్కి లాక్కున్నారు. ఒకాయన ఫోన్ తీసి వీడియో మొదలెట్టాడు. ఇంతలో సూపర్‌వైజర్ వచ్చి, బుక్ వైపు చూడకుండానే, హెల్మెట్లు పెట్టే కౌంటర్ చూపించి ‘అక్కడ ఇచ్చేసి టోకెన్ తీసుకోండి’ అన్నాడు. హెల్మెట్ల పక్కన! టోకెన్ నంబర్ 47కి హెల్మెట్, 48కి తూటాలున్న రివాల్వర్. అలా ఇవ్వడం కుదరదు, లైసెన్స్ లేనివాళ్ల చేతికి ఇస్తే నా లైసెన్స్ పోతుంది, మీ కుర్రాడి మీదా కేసు అవుతుంది అని చెప్పాను. ‘అయితే వెళ్లిపోండి’ అన్నాడు. వెళ్లిపోయాను, అది వాళ్ల హక్కే. కానీ ఆ అమ్మాయికి ఎవరైనా ఒక్కరోజు కూర్చోబెట్టి ఇలాంటి సందర్భంలో ఏం చేయాలో నేర్పి ఉంటే అంత భయం ఆమెకీ ఉండేది కాదు, ఆ పిల్లలకీ ఉండేది కాదు. నెలకి పది పన్నెండు వేల జీతానికి రోజంతా నిలబడే పిల్ల, ఆమెని నేను తప్పుపట్టను.

ఇంకో చోట, ఒక పెద్ద బట్టల షోరూములో, అదే మాట అలాగే చెప్పాను. సూపర్‌వైజర్ ‘ఇటు రండమ్మా’ అని పక్క గదిలోకి తీసుకెళ్లాడు, బుక్ చూశాడు, రిజిస్టర్‌లో నంబర్, టైమ్ రాసుకున్నాడు, మేనేజర్ వచ్చారు. ‘అమ్మా, మా దగ్గర ఆయుధం భద్రపరిచే ఏర్పాటు లేదు, పై అంతస్తుల్లోకి పంపలేం, ఏం అనుకోకండి. ఏం కావాలో చెప్తే ఇక్కడికే తెప్పిస్తాం’ అన్నారు. ఆ గదిలోనే కూర్చుని మా ఆడపడుచుకి మూడు చీరలు, పెళ్లికొడుక్కి ధోవతి సెట్టు తీసుకున్నాను. లోపలికి రానివ్వలేదు, కానీ నాకు చాలా గౌరవంగా అనిపించింది. ఈ షోరూమ్‌ పేరు చెప్పాలని ఉంది కానీ చెప్తే రేపు ప్రతివాళ్లూ అక్కడికి రివాల్వర్లతో వెళ్తారేమోనని చెప్పడం లేదు.

నేను కోరేది ఒక్క బోర్డు. మన మాల్స్‌లో ఆయుధాలు నిషేధం అనే మాట ఎక్కడో కింద, బయటి తినుబండారాలు తేకూడదు అనే దాని పక్కన చిన్న అక్షరాల్లో ఉంటుంది, అదీ లోపలికి వెళ్లాక. తమ్ముడు ఉండే టెక్సస్‌లో షాపు యజమాని తన షాపులోకి దాచిపెట్టుకున్న తుపాకీ వద్దనుకుంటే గుమ్మం దగ్గర బోర్డు పెడతాడు, చట్టంలో 30.06 సెక్షన్ కాబట్టి దాన్ని అందరూ ఆ నంబర్‌తోనే పిలుస్తారు, ఇంగ్లిష్‌లోనూ స్పానిష్‌లోనూ ఉండాలి, అక్షరాలు అంగుళం ఎత్తుకి తగ్గకూడదు. చూసినవాడు వెనక్కి తిరగాలి. ఆ ఒక్క పద్ధతి నాకు నచ్చింది. మిగతావి మనకి వద్దు. అక్కడ 2021 సెప్టెంబర్ 1 నుంచి 21 ఏళ్లు నిండిన చాలామంది పర్మిట్ కూడా లేకుండా పెట్టుకోవచ్చు. 2019 ఆగస్టులో ఎల్ పాసో వాల్‌మార్ట్‌లో కాల్పులు జరిగాక, తుపాకీ బయటికి కనపడేట్టు పెట్టుకుని రావొద్దని ఆ కంపెనీ కస్టమర్లని అడుక్కోవాల్సి వచ్చింది. తమ్ముడు పాల ప్యాకెట్ కోసం వెళ్లినా చుట్టూ ఎవరి నడుముకి ఏముందో తెలియదంటాడు. అలాంటి రోజు హైదరాబాద్‌కి రాకూడదు. నాకు లైసెన్స్ ఉండి కూడా ఈ మాట అంటున్నాను.

హోల్‌స్టర్‌లో లోపాలు. మొదటిది చెమట. ఏప్రిల్, మే నెలల్లో తోలు చెమట పీల్చేసి లోపలివైపు తడిగా ఉండేది, మూడో వారానికి రివాల్వర్ గొట్టం మీద సన్నగా తుప్పు చుక్కలు. గుండె చివుక్కుమంది. చాచాకి చూపిస్తే ఒంటివైపు ఇంకో పలచటి పొర వేసి ఇచ్చారు, 300 తీసుకున్నారు. ఇప్పుడు ఇంటికి రాగానే రివాల్వర్ తీసి, తుడిచి, విడిగా లాకర్‌లో పెడతాను. తోలు హోల్‌స్టర్‌లోనే ఉంచి నెలల తరబడి దాచకండి, ఎంత మంచి తోలైనా ఇనుముని తింటుంది. రెండోది, టిచ్ బటన్ ఊడదీసేటప్పుడు గట్టిగా చప్పుడు వస్తుంది. ఇంట్లో పర్వాలేదు. మూడోది లావు. గదులుండే చోట హోల్‌స్టర్‌తో కలిపి రెండంగుళాల దగ్గర ఉంటుంది, సన్నగా ఉండేవాళ్లకి కుర్తీ మీద తప్పకుండా తెలుస్తుంది. నేను కాస్త బొద్దుగా ఉంటాను కాబట్టి సరిపోయింది. ఎడమచేతి వాటం ఉంటే ముందే చెప్పాలి, అచ్చు తిరగేసి చేయాలి.

గత నెల బెల్టు క్లిప్పు వదులైంది. తీసుకెళ్తే అక్కడికక్కడే కొత్త స్టీలు క్లిప్పు వేసి రెండు మేకులు దిగ్గొట్టారు, డబ్బులు వద్దన్నారు, బలవంతంగా వంద ఇచ్చాను. కుట్టు ఒక్కచోట కూడా ఊడలేదు.

వెళ్లేవాళ్లు శుక్రవారం మధ్యాహ్నం వెళ్లకండి, షాపు మూసి ఉంటుంది. మొత్తం పని పది, పన్నెండు రోజులు, మూడుసార్లు తిరగాలి. లైసెన్స్ ఒరిజినల్ తీసుకెళ్లండి, ఫోన్‌లో ఫొటో చూపిస్తే చాచా కొలత తీయరు. తూటాలు ఇంట్లో పెట్టి వెళ్లండి.